బెండగింజలు నానబెట్టిన నీళ్ళు

ఇసుకలో బెండకాయలేంటి తల్లీ అని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ! ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క ఒకసారి మంకుపట్టు పట్టిందంటే ఎవరొచ్చి చెప్పినా వినదు. పైగా బెండ ఎండకు జడిసే మొక్క కాదు. వేరుకి కాస్త తడి, గాలికి కాస్త అడ్డు ఉంటే ఎడారి ఊళ్ళోనైనా కాస్తుంది. పెరట్లో ఇసుక తవ్వి మేకల ఎరువు కలిపింది. వడగాలి కొట్టకుండా చిరుగు దుప్పట్లు కట్టింది. స్నానాల నీళ్ళు చుక్క కూడా వృథా పోకుండా పాదుల్లోకి కాలవ తీసింది.

చిక్కల్లా ఆ పెరటితోనే. ఆమె మొగుడు మోటార్ మెకానిక్. అక్కడ రేకుల షెడ్డు వేసుకుని బళ్ళు బాగుచేయాలని అతని ఆశ. రోజూ గొడవెందుకని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ వేసవిలో బెండ మొలిస్తే పెరడు ఆమెది, మొలవకపోతే షెడ్డుకి.

“గింజలు రాత్రంతా నానాలి కదా. నీకేమో సాయంత్రం డ్యూటీ. నేను నానబెడతాలే,” అన్నాడు మెకానిక్.

ఆమె మురిసిపోయింది. పందెం కాసినవాడే సాయం చేస్తున్నాడు, ఎంత మంచి మనసో అని లాండ్రీలో అందరికీ చెప్పుకుంది. పిచ్చి మాలోకం!

గింజలు వేసింది. మొలవలేదు. అతను మళ్ళీ నానబెట్టాడు, ఆమె మళ్ళీ వేసింది. తవ్వి చూస్తే మెత్తగా చీకిపోయిన గింజలు. ఎరువు ఎక్కువైందేమోనని తగ్గించింది. ఇసుక వేడికి ఉడికిపోతున్నాయేమోనని లోతుగా వేసింది. ఊహూ. ఆఖరికి తన అరచేతులకేసి చూసుకుని, “నా చేతిలోనే చలవ లేదయ్యా. ఇన్నాళ్ళూ నీ పనికి అడ్డుపడ్డాను, ఏమీ అనుకోకు,” అంది.

“పోనీలే, ఏడవకు,” అని ఆ మహానుభావుడు ఆమె కళ్ళు తుడిచాడు.

మర్నాడు సిమెంటు వచ్చింది. పెరట్లోని మట్టి తట్టలకెత్తి ఆమే మోసింది.

షెడ్డు లేచి కొన్నాళ్ళయ్యాక పక్కింటి వదిన గోడ మీంచి కేకేసింది. “ఇటు రా! మిగిలాయని నువ్విచ్చిన గింజలే ఇవి. పాత రంగు డబ్బాలో పడేశా. ఎలా కాశాయో చూడు!”

పసుపుపచ్చ పూలు, చిటికెన వేలంత లేత కాయలు. ఇస్త్రీ అక్క గోడ మీదికి వంగి డబ్బాలోకి చూసింది.

“మట్టి ఎక్కడిది వదినా?”

“నీ పెరట్లోదే. సిమెంటు పని నాడు నువ్వే తట్టెడు పోశావుగా.”

“ఎంతసేపు నానబెట్టావ్?”

“నానబెట్టడం కూడానా! అంత ఓపిక నాకెక్కడిది? ఉన్నవి ఉన్నట్టే పాతేశా.”

గింజ అదే, మన్ను అదే. ఇస్త్రీ అక్క వెనుదిరిగింది. తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది.

“ఏమయ్యా, గింజలు ఏ నీళ్ళలో నానబెట్టావ్?”

చక్రం బిగిస్తున్న మెకానిక్ తలెత్తలేదు. “ఇప్పుడెందుకే ఆ గోల?”

“ఏ నీళ్ళు?”

“సలసల మరిగే నీళ్ళు,” అని నసిగాడు. “మొహం మీదే వద్దంటే నువ్వు బాధపడతావని...”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దలు ఊరికే అన్నారా?

“వద్దంటే ఒకపూట ఏడ్చి ఊరుకునేదాన్ని. షెడ్డు కావాలా, కట్టుకో. నా చెయ్యి మంచిది కాదని నేను కుమిలిపోతుంటే పక్కన కూర్చుని కళ్ళు తుడిచావే! అప్పుడైనా నీకు నోరు పెగల్లేదా?”

అతను చక్రం వదిలేశాడు. లేచి చేతులు తుడుచుకుని, “కాసిని మంచినీళ్ళు తాగు, స్థిమితపడు,” అంటూ గ్లాసు అందించాడు.

ఆమె ఆ గ్లాసు ముట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి తనే ముంచుకుని తాగింది. ఆ ఇంట్లో ఇప్పటికీ అంతే. అతను చేతికందిస్తే ఏదీ తీసుకోదు, లేచి వెళ్ళి తనే తెచ్చుకుంటుంది.