దువ్వాడ మీదుగా పోయిన కలకత్తా

ఈమధ్య ఎవరింటికి ఎవరు వెళ్లాలన్నా లొకేషన్ పంపమంటున్నారు. ఏళ్ల తరబడి మా ఇంటికి వస్తూ, ఏ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందో నాకంటే బాగా తెలిసిన మా బావ కూడా మొన్న ఆదివారం భోజనానికి రమ్మంటే లొకేషన్ పెట్టమన్నాడు. పెట్టాను. పక్క వీధిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. ఈ బావ మా మేనత్త కొడుకు, గాజువాకలో ఉంటాడు. ఒకప్పుడు అతనితో కలిసి ఇంతకంటే పెద్దగా దారి తప్పినవాణ్ణి గనక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అప్పటికి మాకు పెళ్లిళ్లు కాలేదు, ఉద్యోగాలు మాత్రం అయ్యాయి. నేను పోర్టు దగ్గర ఒక ఆఫీసులో, డిగ్రీ చదివినవాడికి తగ్గట్టు కాగితాల మీద స్టాంపులు కొట్టేవాణ్ణి. బావ వెల్డింగు పనిలో ఉండేవాడు. మాలో మూడోవాడు నా కాలేజీ స్నేహితుడు, వన్ టౌన్‌లో గొడుగుల కొట్టు సాయిబు గారబ్బాయి. ఆ కొట్టుకి గొడుగు ఊచలు కలకత్తా నుంచి పెట్టెల్లో వచ్చేవి. చిన్నప్పటి నుంచీ ఆ పెట్టెల మీది ఊరి పేరు చదివి చదివి, రోడ్డు మధ్యన ట్రాములు నడిచే ఆ నగరాన్ని ఒక్కసారి చూడాలని వాడికి పట్టుకుంది. వాళ్ల నాన్నగారికి చేతులు వణకడం మొదలైంది. తిరిగి రాగానే కొట్టు నువ్వే చూసుకోవాలి, ఇక కదలడానికి ఉండదు అన్న షరతు మీద నాలుగు రోజులు వదిలారు. ఈసారి వెళ్లకపోతే వాడిక ఎప్పటికీ వెళ్లడని ముగ్గురికీ తెలుసు. అందుకే ఎలాగైనా వాడికి కలకత్తా చూపించి తీరాలని బావా నేనూ పంతం పట్టాం.

టికెట్లు బావ తీశాడు. తనకి దగ్గర గనక దువ్వాడలో ఎక్కుతానని, మమ్మల్ని వైజాగ్ స్టేషన్లో ఎక్కమని చెప్పాడు. కలకత్తా వెళ్లే బండి వైజాగ్ రాకుండా ఎలా పోతుందన్నది మా ముగ్గురి నమ్మకం. సొంత ఊరి మీద అభిమానం ఉన్నవాళ్లెవరికైనా ఉండేదే. కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ నుంచి అటే కొత్తవలస వైపు వెళ్లిపోతాయన్న సంగతి ఎవరూ దాచిపెట్టలేదు, మేమే అడగలేదు. మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం బండి వచ్చే వైపు మెడలు చాచి నిలబడి ఉండగా బావ ఫోన్ చేశాడు.

"కొత్తవలస బోర్డు అగుపడతంది బావా. మద్దిలో వైజాగ్ ఏటైపోనాది?"

వైజాగ్ ఉన్నచోటే ఉందనీ, మేం అందులోనే నిలబడి ఉన్నామనీ చెప్పి, విజయనగరంలో దిగిపొమ్మన్నాను. ఇంటికి పోదామా అని నా స్నేహితుణ్ణి అడిగితే వాడు సంచీ భుజానికెత్తుకున్నాడు.

"అబ్బాకి ఏటి సెప్పను? టేసన్ సూసి వాపస్ వచ్చీసినాననా? నడు, ఎల్దాం."

బస్సెక్కి విజయనగరం చేరేసరికి బావ ప్లాట్‌ఫారం మీద, మా మేనత్త కట్టిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, తప్పంతా ఆ డబ్బాదే అన్నట్టు కూర్చుని ఉన్నాడు. ఏ బండి వస్తే ఆ బండి ఎక్కేయాలని జనరల్ టికెట్లు కొన్నాం. మొదటి బండిలో కాలు పెట్టే చోటు లేదు. రెండోదాంట్లో బావ కాలు పెట్టాడు గానీ మిగతా బావ బయటే ఉండిపోయాడు; బండి కదులుతుంటే ఇద్దరం నడుం పట్టుకుని వెనక్కి లాగాం. చెప్పు ఊడి బోగీలోనే ఉండిపోయింది. మాలో కలకత్తా చేరింది అదొక్కటే. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మళ్లీ ప్రయత్నించాం, అదే వరస. ఆ తర్వాత వెళ్లినా, వాడికిచ్చిన నాలుగు రోజుల్లో తిరిగి రావాలంటే దిగిన బండే మళ్లీ ఎక్కాలి.

విజయనగరం పేరులోనే నగరం ఉంది గనక మన యాత్రకి లోటేమీ లేదని నేను వాదించాను. బావ ఒంటి చెప్పుతో నావైపు చూశాడు. మూడో రోజు కోట, గంటస్తంభం చూశాం. పరాయివాళ్ల పెళ్లి ఆల్బమ్ తిరగేసినంత మర్యాదగా నా స్నేహితుడు అన్నీ చూశాడు. బజార్లో ఒక గొడుగుల కొట్టు కనిపించాకే ముఖం తేటపడింది. ఆ కొట్టాయనతో పిడుల గురించి మాట్లాడుతూ, టీలు తాగుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. తిరిగొచ్చిన మర్నాడు తన కొట్టులో కూర్చున్నాడు.

ఇప్పుడు దువ్వాడ చుట్టూ కాలేజీలూ అపార్ట్‌మెంట్లూ లేచాయి. ఏ బండి ఎటు పోతుందో ఫోనే చెబుతోంది, కలకత్తాకి విమానంలో పోయి రావచ్చు. గొడుగు ఊచ విరిగితే బాగుచేయించేవాళ్లు తగ్గిపోయారు, పారేసి ఇంకోటి కొంటున్నారు. అయినా వాడి కొట్టు తెరిచే ఉంటుంది. పోయిన నెలలో బావా నేనూ వెళ్లి, ముగ్గురికీ విమానం టికెట్లు తీస్తున్నాం, ఈసారి కాదంటే ఒప్పుకోమని గట్టిగా చెప్పాం. వాడు ఊచకి గుడ్డ కుడుతూనే జవాబిచ్చాడు.

"అప్పుడు నాను సూడాలనుకున్నానురా. ఇప్పుడు సూపించాలని మీకుంది గానీ, సూడాలని నాకు నేదు."