ఎనిమిది మందికి సరిపడా పెట్టె

ఎవరూ రారని ఆయనకు ముందే తెలుసా, తెలియదా? తెలిసే ఎనిమిది మందికి సరిపడా సర్వరు కొన్నాడా, కొన్నాక తెలుసుకున్నాడా? ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఈ ముడి విడదు. తెలిసే కొన్నాడనుకుంటే మనసు చివుక్కుమంటుంది. తెలియక కొన్నాడనుకుంటే ఇంకాస్త ఎక్కువగా చివుక్కుమంటుంది.

ఇంటివాళ్ళు ఆయన్ని లిఫ్టు మామయ్య అంటారు. మేనకోడళ్ళూ మేనల్లుళ్ళూ పెట్టిన పేరు అది. వాళ్ళ నోట పడి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దాకా పాకింది. లిఫ్టుల కంపెనీలో మెకానిక్కుగా చేరి మెకానిక్కుగానే రిటైరయ్యాడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "చూద్దాం" అనేవాడు. ఆ చూడటంలోనే ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి, వాళ్ళకు చెరో ఇద్దరు పిల్లలు పుట్టుకొచ్చారు, ఆయన్ని పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు కూడా కరువయ్యారు.

అయితే ఒకప్పుడు ఆదివారాలు మాత్రం ఆయనవే. ఆ కుటుంబంలో అందరికన్నా ముందు వీడియో ప్లేయరు కొన్నది ఆయన, బొమ్మ చూడ్డానికి అందరూ ఆయన ఇంటికే చేరేవాళ్ళు. పిల్లలు నేలమీద, చెల్లెళ్ళిద్దరూ మంచం మీద, బావగార్లిద్దరూ ఇంట్లో ఉన్న రెండే రెండు కుర్చీల్లో. ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. ఎక్కడికైనా అందరూ కలిసి వెళ్తే వీడియో కెమెరా కూడా ఆయన భుజానే. తర్వాత ఎవరి టీవీ వాళ్ళ ఇంటికొచ్చింది, ఎవరి ఫోను వాళ్ళ చేతికొచ్చింది. ఆదివారాలు ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. ఎవరూ ఎవరితోనూ తగాదా పడలేదు. పడి ఉంటే రాజీ కోసమైనా వచ్చేవాళ్ళు.

రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని, బీరువాలో బూజు పడుతున్న క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం. ఆ పని చేస్తూండగానే ఆలోచన తట్టింది. ఈ టేపులూ, పిల్లలకు నచ్చే సినిమాలూ, చెల్లెళ్ళు కూనిరాగాలు తీసే పాటలూ అన్నీ సర్వరు అనే ఒక పెట్టెలో పెట్టి, గదిగదికీ వైరు లాగితే? వచ్చినవాళ్ళు హాల్లో కూర్చున్నా, లోపలి గదిలో పడుకున్నా, బాల్కనీలో కాళ్ళు చాపినా ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకోవచ్చు. ఎవరి బొమ్మ వాళ్ళది, ఇల్లు మాత్రం ఒకటే.

వెంటనే కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు నడిపేది ఒక నడివయసు ఆవిడ. ఒక చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతూనే బేరం నడిపిస్తుంది, తల ఎత్తదు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అంది.

"ఎనిమిది మంది చూస్తారు."

"చూసేవాళ్ళ సంగతి కాదు బాబాయిగారూ, ఉండేవాళ్ళు."

"నేనొక్కణ్ణే."

అప్పుడు తల ఎత్తింది. "ఒక్కరికైతే ఈ బుల్లిది చాలు. రెండు డిస్కులు పడతాయి. ఫ్యానే లేదు, ఇంట్లో ఉన్నట్టే తెలియదు."

"ఎనిమిది మందీ ఒకేసారి ఎనిమిది రకాలు పెట్టుకుంటే?"

"ఇప్పటి టీవీలు, ఫోన్లు ఏ ఫైలిచ్చినా చదివేసుకుంటాయి. సర్వరు అందిస్తే చాలు. పాత టీవీ కోసమో, నెమ్మది నెట్ కోసమో ఫైలుని అప్పటికప్పుడు మార్చి ఇవ్వాల్సి వస్తేనే ప్రాసెసరుకి చెమట పడుతుంది. ఎనిమిదీ అలా ఒక్కసారే మీద పడటం ఎక్కడా జరగదు."

"పడితే?"

"పడితే కాస్త ఆగి ఆగి ఆడుతుంది. కొంపలేం మునగవు."

"లిఫ్టుల్లో ఆ లెక్క కుదరదమ్మా. ఎనిమిది మంది అని లోపల రాశామంటే, ఎనిమిది మందీ ఒకేసారి ఎక్కుతారనే తాళ్ళు కట్టాలి. ఎప్పుడో కదా ఎక్కేది అనుకోకూడదు."

"లిఫ్టు పడితే ప్రాణాలు పోతాయి. సినిమా ఆగితే ఏం పోతుంది బాబాయిగారూ?"

ఏం పోతుందో ఆయనకు తెలుసు. మొదటి ఆదివారం బొమ్మ ఆగి తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంటే, రెండో ఆదివారం ఎవరూ గడప తొక్కరు. కానీ అది కొట్లో నిలబడి చెప్పే మాట కాదు. "పెద్దదే చూపించండి" అన్నాడు.

ఆవిడ చూపించింది. నాలుగు డిస్కులు పట్టేది, మంచి ప్రాసెసరు, ర్యాము రెట్టింపు. డిస్కుల్ని జంటలుగా పెట్టమన్నాడు, ఒకదాంట్లో రాసింది పక్కదాంట్లోనూ పడేట్టు. ఒక తాడు తెగినా ఇంకొకటి మోయాలి కదా. "ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది, నిజమే" అంది ఆవిడ, "కానీ మీరే పొరపాటున ఏదైనా తుడిచేస్తే రెండింట్లోంచీ పోతుంది. జంట కదా, చెప్పిన మాట వింటాయి." ఆయన నవ్వాడు. కొట్లోకి అడుగు పెట్టాక నవ్వడం అదే మొదలు.

"చప్పుడో?" అన్నాడు.

"ఆఁ, అదొక్కటే దీంతో తంటా. గరగరలాడుతుంది. హాల్లో మాత్రం పెట్టకండి."

"ఒకసారి వినిపిస్తారా?"

ఆవిడ స్విచ్చి వేసింది. ఆయన నడుం వంచి, డిస్కుల దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. మేడ మీద మోటారు గదుల్లో ఏళ్ళ తరబడి అలాగే విన్నాడు, మోటారుకి ఏం జబ్బో చెవితోనే పట్టేవాడు. ఇక్కడ జబ్బేమీ లేదు. పక్క గదిలో ఎవరో బియ్యం ఏరుతున్నట్టుంది.

"ఇదివ్వండి."

"కొట్టు పెట్టినప్పటినుంచీ చూస్తున్నా, చప్పుడు కావాలని కొన్నది మీరొక్కరే" అంది ఆవిడ.

పెట్టె హాల్లోనే పెట్టాడు. గోడల వెంట వైర్లు లాగిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క మేకు కూడా వంకర లేదు. కరెంటు పోయినా బొమ్మ ఆగకుండా కింద బ్యాటరీ, మూలన మడత కుర్చీలు. అందరికీ ఫోన్లు చేశాడు. ఆదివారం చిన్న చెల్లెలూ వాళ్ళాయనా వచ్చారు. మిగతావాళ్ళలో ఒకరికి పరీక్షలు, ఒకరికి ఆఫీసు, ఒకరికి వాన. చెల్లెలు కాసేపు టేపు చూసి, "ఎంత సన్నగా ఉండేదాన్ని అన్నయ్యా!" అని మురిసి, ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళి, మాట్లాడుతూ మాట్లాడుతూనే చెప్పులేసుకుంది. ఆ తర్వాతి ఆదివారం ఆయన మడత కుర్చీలు విప్పి, తుడిచి, మళ్ళీ మడిచాడు.

పెద్ద మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, దాన్ని నెట్ మీదుగా బయటికి తెరవొచ్చుగా? మా ఇంట్లోంచే చూస్తాం. నీకూ వండి వార్చే బాధ ఉండదు."

తలుపు తీసేది వాళ్ళు రావడానికా, రాకుండా ఉండటానికా అన్నది తేల్చుకోలేకపోయాడు. చివరికి "ఎలాగో చెప్పమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఫోన్లో చెబుతూంటే రౌటరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నొక్కాల్సినవన్నీ నొక్కాడు.

చిత్రమేమిటంటే, అప్పటినుంచి ఆ ఇల్లు కళకళలాడింది. సాయంత్రం కుర్చీలో కూర్చుని ఉంటే డిస్కులు ఉన్నట్టుండి గరగరమనేవి. ఎవరో వచ్చారన్నమాట. టీవీ తెర మీద సర్వరు పేజీ తెరిస్తే, ఎవరు ఏం చూస్తున్నారో, ఎంతవరకు చూశారో వరసగా కనిపించేది. పెద్ద చెల్లెలు పాత పాటలు. చిన్న మేనల్లుడు చూసిన యుద్ధం సినిమానే మళ్ళీ. ఆయన కూడా అదే సినిమా పెట్టుకునేవాడు, సరిగ్గా వాడు ఉన్న చోటునుంచి. వాడు నవ్వే చోట ఆయనా నవ్వేవాడు.

అంతవరకూ ఉంటే బాగానే ఉండేది. ఒకరోజు పెద్ద మేనకోడలికి తనే ఫోన్ కలిపాడు. "ఏమ్మా, సరిగ్గా కొట్లాట దగ్గర ఆపేశావేం? నిద్రొచ్చిందా? తర్వాతే బాగుంటుంది, చూడు!"

"మామయ్యా, మేం ఏం చూస్తున్నామో నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుందిగా! అంతా కనపడుతుంది" అన్నాడు గర్వంగా, పెట్టె గొప్పతనం చెబుతున్నాననుకుని. "నీ తమ్ముడు చూడు, ఆ ఏడుపు సినిమా మూడోసారి చూస్తున్నాడు. పిల్లాడికేమైనా దిగులా?"

ఆ తర్వాత గరగర తగ్గింది. వాన వెలిసినట్టు ఒక్కొక్కరే సద్దుమణిగారు. పెద్ద చెల్లెలు ఫోన్ చేసి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి చివర్న అసలు మాటకొచ్చింది. "పిల్లలు కాస్త ఇబ్బంది పడుతున్నారన్నయ్యా. నువ్వేం అనుకోకు. వయసొచ్చిన పిల్లలు కదా."

వెనకనుంచి వాళ్ళాయన గొంతు: "మన ఇంట్లో సీసీ కెమెరా పెట్టించుకోలేదన్న బెంగ తీర్చారని చెప్పు మా బావగారితో!"

"మీరూరుకోండి! ఆయన మాటలకేం గానీ అన్నయ్యా, మేం కూడా ఒకటి కొనుక్కుంటాం. మాది మా ఇంట్లో ఉన్నట్టుంటుంది. ఏది కొనాలో నువ్వే చెప్పాలి. నీకు తెలిసినంత మాకేం తెలుసు?"

కొట్టు ఆవిడ ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. "రండి రండి. మళ్ళీ డిస్కులా?"

"లేదమ్మా. ఆ బుల్లిదే ఇవ్వండి. మా చెల్లెలి ఇంటికి. చప్పుడు లేనిది."

ఆవిడకు వేళాకోళం నోటిదాకా వచ్చినట్టుంది. ఆయన ముఖం చూసి మింగేసి, పెట్టెను రెండుసార్లు కాగితం చుట్టి ఇచ్చింది.

నెట్‌లో పంపితే ఎప్పటికి ఎక్కుతాయో, పక్కపక్కన పెట్టి వైరు తగిలిస్తే త్వరగా అయిపోతుందని ఆయనే తన పెద్ద పెట్టెను ఆటోలో వేసుకుని, మెట్ల మీద ఆటో అబ్బాయి ఒక చెయ్యి వేస్తే పెద్ద చెల్లెలి ఇంటికి చేర్చాడు. టేపులు ఎక్కుతున్నాయని తెలిసి చిన్న చెల్లెలి కుటుంబం కూడా దిగింది. కాపీ అవుతూండగానే ఎవరో మొదటి టేపు పెట్టమన్నారు. సముద్రం ఒడ్డు. చిన్న బావగారు నిక్కరేసుకుని అలకి భయపడి వెనక్కి పరుగెత్తడం చూసి ఇల్లంతా గొల్లుమంది.

"ఆపండి, ఆపండి! పరువు తీస్తున్నారు!"

"వెనక్కి తిప్పండ్రా, ఇంకోసారి చూద్దాం! పరువెక్కడుందో వెతుకుదాం."

టేపులోంచి లిఫ్టు మామయ్య గొంతు వినిపించింది, ఇప్పటికన్నా సన్నగా, హుషారుగా: "కాస్త దగ్గరికి జరగండి. ఇంకా దగ్గరికి. అందరూ పట్టడం లేదు."

చిన్న మేనల్లుడు అచ్చం ఆ గొంతుతోనే "జరగండి, జరగండి" అన్నాడు. సోఫా మీదివాళ్ళు నిజంగానే నవ్వుకుంటూ ఒకరిమీద ఒకరు పడుతూ దగ్గరికి జరిగారు.

"అవునూ, ఇందులో మామయ్య ఒక్కచోటా కనపడడేం?" అంది చిన్న మేనకోడలు.

"కెమెరా పట్టుకుంది మరి మీ తాతా?" అన్నాడు వాళ్ళ నాన్న. మళ్ళీ గొల్లుమన్నారు.

ఆయనా నవ్వాడు. టీవీ పక్కన నేలమీద కూర్చుని, కాపీ పూర్తయిందో లేదో చూశాడు. పూర్తయింది. ఒక్కో ఫోల్డరు తెరిచి సరిచూశాడు, ఏదీ తప్పిపోలేదు. రెండో టేపుని కొత్త పెట్టెలోంచి ఆడించాడు. చుక్క చప్పుడు లేదు, ఎక్కడా తడబాటు లేదు. మంచి యంత్రం. ఈ ఇంటికి సరిగ్గా సరిపోయింది. తన పెట్టె వైరు పీకితే ఎవరూ తల తిప్పలేదు. తిప్పాల్సిన అవసరమూ రాలేదు, బొమ్మ ఆగలేదు కదా.

"మామయ్యా, ఇక నీకు ఈ గొడవంతా తప్పింది" అంది పెద్ద మేనకోడలు, తెర మీంచి కళ్ళు తీయకుండానే. ఆ గొంతులో ప్రేమకు లోటు లేదు.

"తప్పిందమ్మా" అన్నాడు.

పెట్టెను గుమ్మం దాకా తెచ్చాడు. డిస్కులన్నీ ఉన్న బరువుదాన్ని మెట్ల మీదుగా కిందికి దించాలంటే ఇంకొకరి చెయ్యి పడాలి. చెయ్యి అడిగితే అప్పుడే ఏమిటంటారు, భోంచేసి వెళ్ళమంటారు, టేపు ఆపుతారు. లోపల పెద్ద చెల్లెలు తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, తన పెళ్ళికి ముందు సంగతేదో పిల్లలకు చెబుతోంది. పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. ఆయన కాసేపు ఆ వీపుల్ని చూశాడు. పెట్టెను చెప్పుల స్టాండు పక్కన, ఎవరి కాలికీ తగలకుండా గోడవారగా జరిపాడు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, తలుపు మెల్లిగా దగ్గరికి వేసి, మెట్లు దిగాడు.