అత్త పెట్టని కర్రీ పాయింట్

మా మేనత్త పోయింది. పొద్దున నాగోల్ మెట్రో మెట్లెక్కుతుంటే బావ ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటట. నాచారంలో వాళ్లింటికి చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చినవాళ్లంతా ఏడుస్తూ ఆమె వంటనే తలుచుకుంటున్నారు. అటువంటి చేయి మళ్లీ రాదట, సాక్షాత్తు అన్నపూర్ణట. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఆ చేతికి ఒక్క పూట సెలవివ్వనివాళ్లే వాళ్లంతా.

నేను మాత్రం మీకు ఆమె చూసిన సినిమా గురించి చెప్పాలి.

కొన్నేళ్ల కింద ఉప్పల్‌లో ఒక థియేటర్‌కు అత్తను లాక్కెళ్లాను. తోపుడు బండి మీద దోశెలు వేసే అమ్మాయి నానా తిప్పలు పడి సొంతంగా హోటల్ పెట్టే కథ. నవ్వులు, పాటలు, చివరికి అంతా మంచే. అత్త సీటు అంచున కూర్చుని చూసింది. హీరోయిన్ పోపు వేస్తుంటే, నూనె ఇంకా కాగలేదని, పిల్ల తొందరపడుతోందని పైకే అనేసింది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి నవ్వినా సిగ్గుపడలేదు. హోటల్ ముందు జనం బారులు తీరిన సీన్‌లో చప్పట్లు కొట్టింది, కళ్లు తుడుచుకుంది. ఆమెను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

తిరిగి వస్తూ ఆటోలో ఒకటే ముచ్చట. వాళ్లింటి కింద రోడ్డువైపు గది ఖాళీగానే ఉంది. అందులో కర్రీ పాయింట్ పెడుతుందట. నాచారం కంపెనీల్లో పనిచేసే పిల్లలు సాయంత్రాలు కవర్లలో కొనుక్కుపోయే కూరలు చూస్తే ఆమెకు వాళ్ల మీద జాలి. "గా నూనెల కూర ఏడున్నదో దేవులాడుకోవాలె కోడలా. నేనైతే పచ్చిపులుసు, దోసకాయ పప్పు, ఐతారం తలకాయ కూర, గంతే. ఇంట్ల తిన్నట్టుండాలె," అంది.

మర్నాడే ఆ గది కడిగింది. సున్నం వేయించమని మామను అడిగింది. నేను అక్కడే ఉన్నాను. మామ టీవీ మీంచి కళ్లు తీయకుండా, "సినిమాల గట్లనే సూపెడ్తరు. మనింటి ఆడది రోడ్డు మీద కూరలమ్మితే నల్గురు ఏమనుకుంటరు? పోయి చాయ్ పెట్టు," అన్నాడు.

పోయి చాయ్ పెట్టింది. కొన్నాళ్లకు ఆ గదిలోకి పాత స్కూటరు, విరిగిన కూలర్ చేరాయి.

నలుగురికి అంత భయపడిన మామే, ఎవరింట్లో ఫంక్షనైనా వంట చూసుకోమని ఆమెను పంపించేవాడు. అంబర్‌పేట్‌లో బారసాల, చెంగిచెర్లలో గృహప్రవేశం. ఊరందరికీ ఊరికే వండితే పరువు, అమ్మితే పరువు తక్కువ. ఇదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు. ఆమె తినే వేళకు గిన్నెల్లో కూర మిగిలేది కాదు. ఒకసారి మజ్జిగన్నం కలుపుకుంటూ నాతో అంది: "మంచిగున్నదనేటోళ్లే గని, జర కూసో అనేటోడు ఒక్కడు లేడు."

ఆ సినిమా టీవీలో వస్తే ఉప్పల్‌లో మా ఇంటికొచ్చేది. వాళ్లింట్లో సగంలోనే వార్తలు పెట్టేస్తారట. మా సోఫాలో కాళ్లు ముడుచుకుని, ఆ పిల్ల ఈసారి గెలుస్తుందో లేదో అన్నట్టు చూసేది. నేను వండింది ఉప్పు చాలకపోయినా వంక పెట్టకుండా తినేది. అయిపోగానే, మామ అన్నం వేళయిందని హడావుడిగా లేచిపోయేది.

మూడోనాడు డాబా మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాలి కదా. ఆమెకేమిష్టమో ఒక్కరికీ తెలియలేదు. మామకిష్టమైన మటన్, బావకిష్టమైన గారెలు విస్తట్లో పెట్టారు. ఎంతసేపటికీ కాకి రాలేదు. ఏదో కోరిక మిగిలిపోయింది, తీరుస్తామని మాటివ్వండన్నారు పెద్దవాళ్లు. నాన్నను మంచిగా చూసుకుంటానని బావ చేతులు జోడించాడు. రాలేదు. కొడుకు పెళ్లి ఘనంగా చేస్తానన్నాడు మామ. రాలేదు.

నాకు ఉండబట్టలేదు. "కింద గదిల కర్రీ పాయింట్ పెడ్తమని చెప్పు మామా," అన్నాను.

మామ నావైపు అదోలా చూశాడు. "గీ టైంల గూడ సినిమా ముచ్చట్లేంది బిడ్డా? దానికేం కోరికలుండె? నేనేం తక్కువ జేసిన?" అన్నాడు.

ఎండ ముదిరింది. చివరికి ఎక్కడిదో ఒక కాకి, ఆకలి మీదున్నట్టుంది, పిట్టగోడ మీద వాలి మటన్ ముక్క ఎత్తుకుపోయింది. హమ్మయ్య, తృప్తిగా పోయిందన్నారు. మామ కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చెప్పులేసుకుని భోజనాలకు కిందికి దిగారు.