చిన్నాయిన ఎగరేయని విమానం

నా చిన్నప్పుడు కోమటి చెరువు పక్కన ఒక ఆదివారం జరిగిన సంగతిని మా ఇంట్లో అందరూ తప్పుగా చెప్పుకుంటున్నారు. మొన్న మా చిన్నాయిన పోయిన పదో రోజు భోజనాల దగ్గర కూడా ఆ మాటే వచ్చింది. బొమ్మ విమానం ఎగరేయడానికే భయపడ్డ మనిషి అని నవ్వుకున్నారు. ప్రేమగానే నవ్వారు. నేను మాత్రం విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాను. అసలు భయం ఎవరిదో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

మాది సిద్దిపేటలో మగ్గం నేసే ఇల్లు. మా నాయినకు తమ్ముడైన చిన్నాయిన మాత్రం మగ్గం నేర్చుకోలేదు. దుబాయి పోయి ఒక బొమ్మల దుకాణం గోదాములో పనికి కుదిరాడు. నాకు పదకొండేళ్ళప్పుడు సెలవు మీద వస్తూ ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. అందులో రిమోటుతో ఎగిరే విమానం ముక్కలు ముక్కలుగా ఉంది. ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలుండే పాతకాలపు విమానానికి నమూనా అది.

దాన్ని అతకడానికి ఆయనకు పది రోజులు పట్టింది. రెక్కలు బెండులాంటి తేలిక కర్రతో చేసి, పైన పలచని కాగితం అంటించినవి. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య సన్నని నిలువు పుల్లలు, ఆ పుల్లల మధ్య ఏటవాలుగా దారాలు. రెక్క సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి నూలు పోగు ఒకటి తీసి, ఒక కొస తోక దగ్గర నన్ను పట్టుకోమనేవాడు. రెండో కొసను కుడి రెక్క చివరిదాకా లాగి, అదే పోగుతో ఎడమ రెక్కను కొలిచేవాడు. రెండు పక్కలా ఒకే పొడవు వచ్చేదాకా రెక్కను రవ్వంత రవ్వంత జరిపేవాడు. తరువాత వెనక గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, పై రెక్క అంచూ కింది రెక్క అంచూ సమంగా ఉన్నాయా అని ఎంతోసేపు చూసేవాడు.

శనివారానికి పని అయిపోయింది. ఎవ్వరూ ముట్టవద్దని చెప్పి ఆయన బజారుకు పోయాడు. నేను ఊరికే చూద్దామని వెళ్ళాను. ఎడమ పక్క ఒక దారం కొంచెం వదులుగా కనిపించింది. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లకు వదులు పోగు కంటబడితే చేయి ఊరుకోదు. విప్పి, గట్టిగా గుంజి, ముడి వేశాను. వేలితో మీటితే తీగలా మోగింది. ఇంట్లో ఎవరికీ కనబడని లోపం నాకు కనబడిందని పొంగిపోయాను.

ఆ గర్వంతోనే గ్రంథాలయానికి పోయాను. పిల్లల పుస్తకాలన్నీ అప్పటికే చదివేశాను కాబట్టి పెద్దల బీరువాల దగ్గరికి కూడా నన్ను రానిచ్చేవారు. విమానాల పుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాను. రేపు విమానం ఎగరేసేటప్పుడు జనంలో నాలుగు మాటలు చెప్పాలని ఆశ. అందులో ఒక బొమ్మ ఉంది. ఒక పక్క రెక్క కాస్త మెలిపడితే చాలు, రెండు రెక్కలూ గాలిని సమంగా పట్టవట, విమానం పక్కకు పొర్లి పడిపోతుందట. నేను గుంజి కట్టిన దారం గుర్తొచ్చింది.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి, విమానం వెనక కూర్చుని ఒక కన్ను మూశాను. ఎడమ పై రెక్క చివర, ఎండిన జొన్నాకులా, కొంచెం కిందికి మెలి తిరిగి ఉంది. ముడి విప్పబోతే రాలేదు. ఇంకా గుంజితే కాగితం చిరిగేలా ఉంది. అంతలో చిన్నాయిన గొంతు వినబడితే అవతలి గదిలోకి పోయాను. ఆయన నన్ను ఎన్నడూ తిట్టలేదు. తిట్టే మనిషైతే చెప్పేదాన్నేమో. ఎన్నడూ తిట్టనివాడి నోట మొదటి తిట్టు నాకే పడుతుందని భయం.

తెల్లవారి చెరువు పక్క ఖాళీ జాగాలో మా వాడకట్టు అంతా చేరింది. నాలుగేళ్ళ మా తమ్ముడు అందరికన్నా ముందు నిలబడ్డాడు. విమానం ముక్కుకున్న పంకా తిరిగితే వేలు తెగుతుందని చిన్నాయిన పొద్దున్నే చెప్పి ఉన్నాడు. అది వచ్చి తమ్ముడి మీద పడినట్టే నా కళ్ళకు కట్టింది. ఇంజను తిప్పేటప్పుడు వెనక తోక పట్టుకోవడం నా పని. చెప్పాలనుకున్నాను, అంతమంది ముందు చెప్పలేకపోయాను.

మా ఇంట్లో నేతలో ఎక్కడైనా తప్పు పడితే, అక్కడ అంచుకు ఎర్ర పోగు కట్టేవాళ్ళు. మా తాత పెట్టిన పద్ధతి. ఎర్ర పోగు కనబడితే తరువాత మగ్గంలో కూర్చున్నవాళ్ళు సరిచేస్తారు, ఎవరు చేశారని అడగరు. నా జడ రిబ్బను ఎర్రది. అంచు నుంచి ఒక పోగు పీకి, ఎడమ పక్క పుల్లకు కట్టేశాను.

చిన్నాయిన ఇంజను దగ్గర వంగినవాడు దాన్ని చూశాడు. చేయి ఆగింది. నా వైపు తిరగలేదు. వెనక్కి వచ్చి గొంతుక్కూర్చుని రెక్కను చూశాడు. లేచి, పిడికెడు దుమ్ము తీసి గాలిలో వదిలాడు.

"గాలి మంచిగ లేదు. ఇయ్యాల గాదు."

"గాలేడుందిర? ఆకు గూడ కదుల్తలేదు!" అన్నాడు పక్కింటి మామ. "దుబాయిల ఇమానం ఎక్కి దిగినోనివి, గీ బొమ్మకు భయపడ్తున్నవా?"

"భయమే మామా," అన్నాడు చిన్నాయిన. "నీ బట్టతల మీద పడితె అత్తకు ఎవలు జవాబు చెప్పాలె?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. విమానాన్ని భుజాన పెట్టుకుని ఇంటిదాకా ఆ నవ్వుల మధ్యే నడిచాడు. ఆ సాయంత్రానికే ఆయనకు ‘ఇయ్యాల గాదు’ అని పేరు పడింది. దుబాయి నుంచి ఎన్నిసార్లు వచ్చినా అదే పేరు.

ఇంట్లో నన్ను పిలిచి, నూలు పోగు కొస చేతికిచ్చాడు. "పట్టు బిడ్డా." నాకు ఏడుపు ఆగలేదు. "నేనే చిన్నాయినా" అన్నాను.

"నాకెరుకనే. గా ముడి నాకే రాదు. అది మగ్గం కాడ కూసున్నోళ్ళ ముడి." బ్లేడుతో దారం కోసి, రెక్కను మళ్ళీ దాని చోటికి రానిచ్చాడు. "బట్టను గుంజితె సక్కగైతది. రెక్కను గుంజితె మెలిపడ్తది. గంతే."

ఆ తరువాతి ఆదివారం మేము ఆరుగురమే పోయాం. విమానం చెరువు మీద మూడు చుట్లు తిరిగి మక్కచేనులో దిగింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆనాడు పుస్తకం చేతికిచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, ఎర్ర పోగు నేర్పిన మా తాతకు, వినగానే రాయమన్న మా తమ్ముడికి నా దండాలు. అందరికన్నా ముందు చిన్నాయిన భార్య, మా చిన్నమ్మకు. రాసింది మొదట ఆమెకే చదివి వినిపించాను. "నేనడిగినా గూడ గాలే అన్నడు బిడ్డా" అంది.

నేనిప్పుడు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతాను. గుడ్డ తప్పుగా కత్తిరించిన పిల్ల బిగుసుకుపోయి నిలబడితే నేను ఆ పిల్ల మొహం చూడను. గుడ్డను బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంటాను. కాసేపటికి ఆ పిల్లే వచ్చి రెండో కొస పట్టుకుంటుంది.