సాయంత్రం బస్సున్న చుట్టాలు

నందిగాం నుంచి బారువకు బదిలీ అయినప్పుడు మా పెద్దపిల్లకు ఏడేళ్ళు, పిల్లవాడికి ఇంకా అయిదు నిండలేదు. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరును. బదిలీ కాగితం తెచ్చి చూపించిన రోజు ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. పెద్దపిల్ల తన స్నేహితురాళ్ళను వదిలి రానని నూతిగట్టు పట్టుకుని ఏడ్చింది. మా ఆవిడ ఏడవలేదు గానీ, నాలుగేళ్ళుగా పెంచుకుంటున్న కరివేపాకు మొక్కను చూస్తూ చాలాసేపు నిలబడింది. ఏదో ఒకటి చెప్పి వాళ్ళను లారీ ఎక్కించాలి కదా.

"అక్కడ ఇల్లు దాటితే సముద్రమే. రోజూ సాయంత్రం తీసికెల్తాను. రోజూ," అన్నాను.

ఆ రెండో 'రోజూ' అనకుండా ఉండాల్సింది. పిల్లలిద్దరూ దాన్నే పట్టుకున్నారు. సామాన్ల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి చెరువునూ చూపించి మావాడు ఇదేనా సముద్రం అని అడిగాడు. డ్రైవరు ఓపికమంతుడు, ప్రతిసారీ ఇంకా పెద్దది బాబూ అని చెప్పాడు.

కొబ్బరిచెట్ల మధ్య పెంకుటిల్లు దొరికింది. నడిస్తే పది నిమిషాల్లో ఒడ్డు. దిగిన వారంలోపే నేను చేసిన మొదటి పని పిల్లలను సముద్రానికి తీసుకెళ్ళడం కాదు. పోస్టాఫీసుకెళ్ళి ఇన్‌లాండ్ లెటర్లు కొన్నాను. టెక్కలిలో ఉన్న మేనబావకు, పలాసలో ఉన్న పిన్నికి, పాత ఊళ్ళో తోటి ఉద్యోగులకు, పెళ్ళిళ్ళలో తప్ప కనిపించని దూరపు చుట్టాలకు కూడా రాశాను. సముద్రం మా గుమ్మం ముందే ఉంది, మీరు రాకపోతే మా మీద అభిమానం లేనట్టే అని. చదివినవాళ్ళకు ఆ సముద్రం నేను దగ్గరుండి తవ్వించానేమో అనిపించి ఉంటుంది.

వాళ్ళు వచ్చారు. ఆదివారాలు వచ్చారు, సెలవులకు వచ్చారు, కార్తీకమాసంలో అయితే జీపుల్లో వచ్చారు. జీడిపప్పు పొట్లాలూ పనసకాయలూ తెచ్చేవారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచేవాణ్ణి. లైట్‌హౌస్ చూపించి, ఒకప్పుడు ఈ రేవునుంచి ఓడలు ఎక్కడెక్కడికో వెళ్ళేవని చెప్పేవాణ్ణి. ఎవరో చెప్పగా విన్న మాటే. వినేవాళ్ళు నోరు తెరిచేకొద్దీ నా కథలో ఓడలు పెరిగేవి. "అదృష్టవంతుడివిరా" అని ఎవరైనా అంటే ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు. ఆ అన్నం వండుతూ మా ఆవిడ ఇంట్లోనే ఉండేది.

పిల్లలను మాత్రం తీసుకెళ్ళేవాణ్ణి. ఎందుకంటే, మొదట్లో ఒకసారి బావ కొత్త తోలుచెప్పుల్లో ఒకదాన్ని ఒడ్డున కుక్క ఎత్తుకుపోయింది. ఆ రోజు ఆయన నా రబ్బరు చెప్పులేసుకుని టెక్కలి వెళ్ళాడు. నా పరువు పోయినట్టయింది. ఆనాటినుంచి చుట్టాలు నీళ్ళలోకి దిగితే, పిల్లలిద్దరూ చెప్పుల కుప్పకు చెరోవైపు కూర్చుని కాపలా కాసేవారు. నేను లేకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదని కట్టడి కూడా చేశాను. అక్కడి అల కాళ్ళకింద ఇసుకను లాగేస్తుంది కాబట్టి ఆ కట్టడి సరైనదే. నేను లేకుండా వద్దన్నవాణ్ణి, నేనెప్పుడుంటానో చెప్పలేదు. మామూలు రోజుల్లో గేదెల నోళ్ళలో మందు పోసి పోసి ఇంటికొచ్చేసరికి నడుం వాల్చాలనిపించేది. "రేపు" అనేవాణ్ణి.

ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే ఒక ముసలాయన ఒకసారి నన్ను ఆపాడు.

"కంపోండరు బాబూ, ఆ గుంటలు నీ పిల్లలేనా? సెప్పులు కాయడానికి కూలికి తెచ్చేవనుకున్నాను."

నేను నవ్వాను. సిగ్గుపడాల్సిన చోట నవ్వడం నాకు బాగా వచ్చు.

అలా ఏడాది దాటింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏ చుట్టమూ రాని అరుదైన ఆదివారం, మంచం మీద పడుకుని పేపరు చదువుతుంటే వీధి తలుపు కొట్టారు. లేచి ఇస్త్రీ చొక్కా కోసం చూసుకుంటూ తలుపు తీశాను. గుమ్మంలో మా పెద్దపిల్ల. వాళ్ళమ్మ పాత చీర రెండు మడతలు పెట్టి చుట్టుకుంది, చేతిలో బట్టల సంచి. పక్కన నా తువ్వాలు తలపాగా చుట్టుకుని, చంకలో గొడుగుతో మావాడు. పెరటి తలుపులోంచి వెళ్ళి ఇల్లంతా చుట్టి వచ్చినట్టున్నారు, పాదాలనిండా దుమ్ము.

"ఎవరండీ?" అన్నాను.

"టెక్కలి నుంచొచ్చామండి. సముద్రం సూద్దామని," అంది పెద్దపిల్ల.

"అలాగా. మా పిల్లల్ని కూడా పిలవమంటారా?"

"ఒద్దండి. ఆళ్ళకి సెప్పులు కాయడమే వచ్చు."

వంటింట్లో రుబ్బురోలు చప్పుడు ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆటే కదా, ఆటగానే తేల్చేద్దామనుకున్నాను. దూరాభారం వచ్చారు, అలిసిపోయి ఉంటారు, కాఫీ తాగి పడుకోండి, రేపెళ్దాం అని చెప్పి మళ్ళీ మంచమెక్కి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కాసేపయ్యాక దించి చూస్తే ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. మావాడు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, చాలా మర్యాదగా అన్నాడు:

"రేపు కుదర్దండి. మాకు సాయంత్రం బస్సుంది."

వాడు ఆ మాట కల్పించలేదు. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అనే మాటే అది. వాళ్ళకు బస్సుంది కాబట్టి వాళ్ళకు నేనెప్పుడూ రేపు అని చెప్పలేదు. నా పిల్లలకు ఏ బస్సూ లేదు. ఎక్కడికీ పోరు, ఇక్కడే ఉంటారు. అందుకే ఏడాదిపాటు వాళ్ళకు రేపునే పెట్టాను. నందిగాంలో నూతిగట్టు దగ్గర అన్న మాట నాకు గుర్తులేదని అనలేను. గుర్తుంది. అడిగేవాళ్ళు చిన్నవాళ్ళని ధీమా.

పేపరు మడిచి లేచాను. పెద్దపిల్ల వంటింటి వైపు తిరిగి, "మీరూ రండమ్మా," అంది, ఇంకా చుట్టం గొంతుతోనే. మా ఆవిడ చేతులు కడుక్కుని, పిండి మీద మూతపెట్టి, తాళంకప్ప తీసుకొచ్చింది.

తోటల మలుపు దగ్గర ఎదురుగా జీపు వచ్చి ఆగింది. టెక్కలి బావ, ఆయన భార్య, వెనక ఇంకో నలుగురు.

"ఏటి బావా, ఎదురొత్తన్నావు? మేమొత్తన్నామని కలొచ్చిందేటి?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. మొహం మీదికి ఆ పాత నవ్వు వచ్చేసింది. మా ఆవిడ చెయ్యి అప్పుడే బొడ్లో తాళంచెవి మీదికి వెళ్ళింది. పెద్దపిల్ల సంచి కిందపెట్టింది. తగువు లేదు, ఏడుపు లేదు. ఇలాగే అవుతుందని ముందే తెలిసినవాళ్ళలా ముగ్గురూ సర్దుకుంటున్నారు. అది చూడలేకపోయాను.

"బావా, ఇయాల ఇంట్లో సుట్టాలున్నారు," అన్నాను.

"ఎవులు?"

"ఈళ్ళే."

బావ జీపులోంచి వంగి మావాడి తలపాగా చూశాడు. "ఏ ఊరు బాబూ తమది?"

"టెక్కలండి," అన్నాడు మావాడు.

"మాదీ అదే. ఏ ఈదిలో ఉంటారు?"

వాడు చిక్కుల్లో పడ్డాడు. టెక్కలిలో వాడికి తెలిసిన చోటు ఒక్కటే. "బస్టాండులోనండి," అన్నాడు.

జీపంతా నవ్వింది. నేను మాత్రం భయపడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చిన బావను దారిలో నిలబెట్టేశాను, ఊళ్ళో ఏమనుకుంటారో అని. బావ నవ్వు తుడుచుకుని, అదే ఊపులో చెప్పాడు:

"నీకో మాట సెప్తాను, ఏటనుకోకు. ఉత్తరం మీద ఉత్తరం రాత్తావు, రాపోతే నీ మనసు కట్టపడతాదని ఒత్తన్నాం. మాయావిడికి ఇసకంటే ఒళ్ళు మంట."

ఆయన భార్య కాదనలేదు. వాళ్ళు గుడికెళ్ళి అటునుంచటే పోతామన్నారు, కాస్త తేలికపడినట్టే కనిపించారు. జీపు వెనక్కి తిరిగింది. ఏడాదిపాటు నేను ఎవరికోసం ఆ ఊరేగింపులు జరిపానో తెలియక మలుపులో నిలబడ్డాను. తెలియకేం, తెలిసింది. వచ్చినవాళ్ళలో ఒకడైనా "అదృష్టవంతుడివి" అంటాడని. ఆ ఒక్క మాట కోసం ఒక ఇల్లాలు ఏడాదిపాటు పొయ్యి దగ్గర, ఇద్దరు పిల్లలు చెప్పుల దగ్గర కూర్చున్నారు.

ఒడ్డుకు చేరాక అలవాటుగా ఓడల కథ ఎత్తుకోబోయాను. మా ఆవిడ చూసిన చూపుకి ఓడలన్నీ మునిగిపోయాయి. అంతకాలం ఎదురుచూసిన మావాడు, మొదటి అల పాదాలకు తగలగానే కేకపెట్టి కొబ్బరిచెట్టెక్కినట్టు నా మీదికి ఎక్కేశాడు. పెద్దపిల్ల చీర తడిసి బరువెక్కి నడవలేక, నిలబడ్డచోటే కూర్చుని నీళ్ళను ఒళ్ళోకి రానిచ్చింది. పాదాలు మాత్రమే తడుపుకుంటానన్న మా ఆవిడ అందరికంటే లోపలికి వెళ్ళింది. ఆవిడను నేను పిలిచి వెనక్కి రప్పించాల్సి వచ్చింది.

ఇంటికొస్తూ నేను "రేపు కూడా వద్దాం" అన్నాను. మావాడు తలపాగా విప్పి నా తువ్వాలు నాకిచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రినుంచి వచ్చేసరికి పిల్లలు చాప మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నారు. తయారై ఎదురుచూస్తారనుకున్నాను. తల కూడా ఎత్తలేదు. పదండి అన్నాను.

"ఇయాల సుట్టాలెవులూ రాలేదు నాన్నా," అంది పెద్దపిల్ల. నన్ను దెప్పడం కాదు, ఉన్న సంగతి చెప్పింది.

ఆ మాట తిన్నగా తగిలింది. అయినా ఇద్దరి చేతులూ పట్టుకుని బయల్దేరదీశాను. వచ్చారు. తోట దాటి, ఇసుక దాటి, నీళ్ళు వాళ్ళ మోకాళ్ళకు వచ్చేదాకా, ఎవరైనా నన్ను పిలుస్తూ వస్తున్నారేమోనని ఇద్దరూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు.