మధుబాబు అన్న ‘ఆయ్’

మా మేనల్లుడు మధుబాబు సాధించిన మొదటి ఘనకార్యం, కాలేజీలో నెట్ ఎందుకు పోతోందో కొబ్బరి దింపు తేదీల్లోంచి పట్టుకోవడం. 2016లో అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో చేరాడు. అక్కడ నెలన్నరకోసారి రెండు భవనాల మధ్య నెట్ ఆగిపోయేది. పెద్దపెద్దవాళ్లొచ్చి పెట్టెలు మార్చి వెళ్లారు. మావాడు నెట్ ఆగిన తేదీలన్నీ ఏడు నెలలపాటు రాసిపెట్టుకుని, చివరికి కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసే బుల్లిరాజుని కలిసి అతను చెట్టెక్కిన రోజులు అడిగాడు. రెండూ ఒకటే! కేబుల్‌ని ఓ కొబ్బరిచెట్టుకి కట్టారు. బుల్లిరాజు ఎక్కినప్పుడల్లా దాన్ని పక్కకి లాగేవాడు.

“అడిగితే మొదటి నెల్లోనే చెప్పేవోణ్ణి కదండీ. ఒక్కరడిగేరా?” అన్నాడట బుల్లిరాజు.

మన బడి వార్షిక సంచికకి పాత విద్యార్థి ఒకరి గురించి రాయమంటే నేను ఇంకో పేరు తలచలేదు. వీడి తల్లి నాగమణి నా చెల్లెలు. నేనూ ఈ బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా ఇంట్లో బడి మెట్లెక్కినవాళ్లలో నేను మొదటివాణ్ణి, ఇంజనీరైనవాళ్లలో వీడు మొదటివాడు. పదో తరగతిలో 548 మార్కులు. పాలిటెక్నిక్‌లో రెండో స్థానం. 2022 వరదప్పుడు కాలేజీలోకి మోకాటి లోతు నీళ్లొస్తే, సర్వర్లన్నిటినీ మేడ మీదకి మోయించి ఒక్క మర కూడా తడవకుండా కాపాడాడు.

ఆ సర్వర్లు నాలుగు. నాలుగూ కలిసి ఒకే లెక్క చేస్తాయి. నలుగురు పిల్లలకి ఒకే నోటుపుస్తకం ఇచ్చినట్టు, నాలుగింటికీ ఉమ్మడిగా ఒకే స్టోరేజీ పెట్టె. అందులో లక్ష్మీదుర్గ అనే లెక్చరర్ గారి ఆరేళ్ల కష్టం ఉంది. సముద్రపు ఉప్పు మన బావుల్లోకి ఎంతదాకా వస్తోందన్నది ఆవిడ పరిశోధన. రాజోలు నుంచి కాట్రేనికోన దాకా రెండువందల పన్నెండు బావుల నీళ్లు నెలనెలా పరీక్షించి ఎక్కించారు. ఈ నవంబరు 28లోగా థీసిస్ ఇవ్వాలి. ఇంకో నకలు లేదా అంటారా? ఉంది, అదే పెట్టెలో వేరే అరలో. రెండో పెట్టె కొనమని మావాడు మూడుసార్లు కాగితం పెట్టాడు.

ఈ అక్టోబరు మొదట్లో ఆ పెట్టె తేడా చేసింది. ఒక సర్వర్ రాసింది ఇంకోదానికి కనబడదు. ఫోల్డర్ తెరిస్తే గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. మావాడు కేబుళ్లు మార్చాడు, స్విచ్చి మార్చాడు. నాలుగో రోజున అసలు సంగతి పట్టాడు. రెండు సర్వర్ల మధ్య మాటలు తెగిపోయి, ఒకదాని రాతల మీద ఒకటి రాసేస్తున్నాయి. నాలుగింటినీ పెట్టె నుంచి విడదీసి, అప్పుడు రిపేరు నడపాలి. రిపేరు నడిపేది పెట్టె అమ్మినవారి ఇంజనీరు హరిబాబు, హైదరాబాదు నుంచే.

అక్టోబరు 13, సోమవారం. కళ్ల డాక్టరు కోసం అమలాపురం వెళ్లినవాణ్ణి, అప్పుడు వాడి గదిలోనే కూర్చున్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది.

“మొదటిది విడదీశారా సార్?”

“ఆయ్, తీసేనండీ.”

“రెండోది?”

“ఆయ్, తీసేనండీ.”

“మూడు, నాలుగు కూడా అయితే నేను మొదలుపెట్టేస్తాను సార్.”

“ఆయ్,” అన్నాడు మధుబాబు, మూడోది విడదీస్తూ.

మనవైపు ఆ మాటకి అవునని ఒక అర్థం, వింటున్నాను చెప్పండి అని ఇంకో అర్థం. గొంతుని బట్టి మనకి తెలిసిపోతుంది. హరిబాబుది మనవైపు కాదు.

నాలుగోది మొరాయించింది. మావాడు ఆరు నిమిషాలు దానితో కుస్తీ పట్టాడు. ఇంతలో ఫోన్లోంచి, “ముప్పై శాతం అయింది సార్” అని వినబడింది.

“ఏదండీ ముప్పై శాతం?”

“రిపేరు సార్.”

“నాలుగోది ఇంకా రాస్తోందండీ బాబూ!” అని కేబుల్ పీకేశాడు. ఒకరు చెరిపి సరిదిద్దుతున్న పేజీ మీద ఇంకొకరు రాసుకుంటూ పోయినట్టయింది. ఇప్పుడు ఆపేస్తే మరీ పాడవుతుందన్నాడు హరిబాబు. నలభై, యాభై, అరవై. నేనూ మావాడూ ఆ అంకెల్ని చూస్తూ కూర్చున్నాం. అంతకంటే చేయగలిగింది లేదు.

లక్ష్మీదుర్గ గారు పరుగున వచ్చారు. “నా బావులున్నాయా మధుబాబు గారూ?”

“పేర్లన్నీ ఉన్నాయండీ.”

“నీళ్ల లెక్కలో?”

ఒక బావి తెరిచి చూపించాడు. గజిబిజి గుర్తులు తప్ప ఒక్క అంకె లేదు. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచామని, ఇక కుదరదని యూనివర్సిటీవారు చెప్పేశారు.

మర్నాడు ప్రిన్సిపాలు సత్యప్రసాద్ గారు ఫోన్ రికార్డింగు వినిపించారు. ఆ ఫోనప్పుడు పక్కనే ఉన్నవాణ్ణని నన్నూ పిలిచారు.

“ఆ మాట మీదేనా మధుబాబు?”

“ఆయ్.”

“ఒరేయ్, ఆ మాట మళ్లీ అనకురా!” అన్నాను నేను ఆగలేక. “వాడన్నది వింటున్నానని అండీ. మీది కొత్తపేటే కదండీ, మీకు తెలీదా?”

“తెలుసండీ పాపారావు గారూ. కానీ రిపోర్టులో ఒకటే అర్థం రాయాలి, ఏం చెయ్యమంటారు?” అన్నారాయన తల దించుకుని. సిబ్బంది ధ్రువీకరించిన మీదటే రిపేరు మొదలైందని రాశారు. మావాడు చదివి సంతకం పెట్టాడు.

పోయిన సమాచారం వెలికితీసేవాళ్లు చెన్నైలో ఉన్నారని తెలిసింది. పెట్టెలోని పన్నెండు డిస్కులూ తీసి, నంబర్లు వేసి, తువ్వాళ్లలో చుట్టి, సంచీ ఒళ్లో పెట్టుకుని మావాడే బయల్దేరాడు. అక్కడివాళ్లు మాటివ్వలేదు. వస్తే కొంత రావచ్చన్నారట. మొన్న నేను ఫోన్ చేస్తే, “చూస్తున్నారు మావయ్యా” అన్నాడు. లక్ష్మీదుర్గ గారూ చేశారట, “నా బావులు దొరుకుతాయంటారా?” అని. ఎప్పుడూ ఆయ్ అనే నోటితో, “నలభై ఒకటి దొరికేయండీ. మిగిలినవి ఇంకా తెలీదండీ” అన్నాడట.

వాడి ఘనకార్యాలు ఇంకా నాలుగు రాద్దామని కూర్చున్నాను గానీ, కలం ఇక్కడే ఆగిపోతోంది. తిరుగు టికెట్ తీశానని నిన్న చెప్పాడు. గడువుకి నాలుగు రోజుల ముందు, నవంబరు 24, సోమవారం ఉదయానికి వస్తాడు.