అందరికీ ఒకే పాస్‌వర్డ్

1998లో నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సును. ఆ ఏడే మాకు కంప్యూటర్ వచ్చింది. వచ్చేపోయేవాళ్లకు కనబడాలని యజమాని దాన్ని రిసెప్షన్‌లో పెట్టించి పూలదండ వేయించారు. ఇప్పుడు నా ఉద్యోగం ఆస్పత్రుల కంప్యూటర్లలోని రోగుల వివరాలను కాపాడటం. నర్సింగ్ చదివి సైబర్ సెక్యూరిటీలోకి ఎలా వచ్చారని అడిగేవాళ్లకు మల్లేశం సంగతి చెబుతాను.

అతను మా ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాడు, మరాఠీ అంతంతమాత్రం. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలినప్పుడు, డాక్టరుగారి మాటలను తెలుగులో అతనికి చెప్పింది నేనే. తలుపు వేసి చెప్పాను. ఈ మాట గది దాటదని మాట కూడా ఇచ్చాను.

కొన్ని వారాలకు అతను వార్డులోకి దూసుకొచ్చాడు.

"అక్కా, నా ఇజ్జత్ ఎందుకు తీసినవ్?"

"ఏమైంది మల్లేశం?"

"హోటల్ల చాయ్ పోస్తలేరు. ఇంటాయన ఇల్లు ఖాళీ చెయ్యమంటుండు. గని కాడ నా పక్కన కూసోని ఎవ్వరు సద్ది డబ్బ ఇప్పుతలేరు. నాతోని మాట్లాడింది నువ్వొక్కదానివే. నువ్వు గాకుంటే ఎవలు చెప్పిన్రు?"

ఒట్టు వేశాను. నమ్మలేదు. అతని స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు.

తిన్నగా రిసెప్షన్‌కు వెళ్లాను. మానిటర్ మీద అంటించిన కాగితంపై పాస్‌వర్డ్ రాసి ఉంది. ఆస్పత్రి పేరే పాస్‌వర్డ్. బిల్లులు రాసేవాళ్లు, కాంపౌండర్, మందుల షాపువాళ్లు, ఆఖరికి రోజూ వచ్చి కబుర్లు చెప్పే ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా దానితోనే లోపలికి వెళ్లేవాళ్లు. రోగి పేరు కొడితే చాలు, రిపోర్టు మొత్తం తెర మీదికొచ్చేది. మందుల బిల్లు వేసేవాడికి రక్తపరీక్ష ఫలితంతో ఏం పని?

నాగపూర్ నుంచి కంప్యూటర్ బాగుచేసే అతను వచ్చినప్పుడు, మల్లేశం రిపోర్టు ఎవరు తెరిచారో చెప్పగలవా అని అడిగాను. అందరూ ఒకే పేరుతో వెళ్తున్నారు కాబట్టి చెప్పలేనన్నాడు. ఒక్కొక్కరికీ వేరే లాగిన్, అంటే వేరే పేరూ పాస్‌వర్డూ ఉంటే, ఎవరు ఏం చూశారో మిషనే రాసిపెట్టుకుంటుందట. దాన్ని లాగ్ అంటారట.

"ఆ ఏర్పాటు ఇందులో ఉంది సిస్టర్. అంతమందికి అన్ని పాస్‌వర్డులంటే తలనొప్పి అని మీ మేనేజరే వద్దన్నారు" అన్నాడు.

తలనొప్పి! ఒళ్లు మండిపోయింది. మేనేజర్ గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన నవ్వుతూ, "సిస్టర్, ఇంజెక్షన్ తుమ్హీ ద్యా, కంప్యూటర్ ఆమ్హీ బఘతో" అన్నాడు. సూదులు మీరు వెయ్యండి, కంప్యూటర్ సంగతి మేం చూసుకుంటామని. వాళ్లు చూసుకున్నది అప్పటికే చూశాం కదా!

మల్లేశం ఇంటికి వెళ్లి, విషయం ఎలా బయటపడి ఉంటుందో చెప్పాను. "ఎవలైతేంది అక్కా, అయ్యేదైతే అయిపాయె" అన్నాడు. తర్వాత బతిమాలుకుని మాజ్రి గనికి బదిలీ చేయించుకున్నాడు.

ఇక్కడ మేం నర్సులందరం ఒక్కమాట అనుకుని, లాగిన్లు వేరుచేసేదాకా రిపోర్టులు రిసెప్షన్‌కు పంపలేదు. డాక్టరుగారు మా వైపు నిలబడ్డారు. చివరికి మేనేజర్ దిగొచ్చాడు. డ్యూటీ దిగాక నేను ఊళ్లోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. "సిస్టర్‌కు ఈ వయసులో గేమ్స్ ఆడాలని ఉంది" అని వెనక నవ్వారు. నవ్వనిచ్చాను.

మరుసటి ఏడు మల్లేశం భార్య రాజవ్వ ఆస్పత్రికి వచ్చింది. నుదుట బొట్టు లేదు.

"ఒక్కటే దగ్గు, జరం. దవాఖానకు పోదాం పా అంటే, 'మళ్ల నా పేరు మిషిన్ల ఎక్కిస్తరు, నేను రాను' అన్నడు. గట్లనే పోయిండక్కా."

ఆమె చెప్పిన లక్షణాలు క్షయవి. హెచ్‌ఐవీకి అప్పుడు మాలాంటివాళ్లకు అందే మందు లేదు. క్షయకు ఉంది. ఆ మందు మా అలమారాలోనే ఉంది.

ఎవరికీ శిక్ష పడలేదు. అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్లిన చోట ఎవరిని పట్టుకుంటాం? రహస్యం బయటపడితే పోయేది పరువేనని అంతవరకూ అనుకున్నాను. మనిషి వైద్యానికే దూరమై ప్రాణం పోగొట్టుకుంటాడని మల్లేశం వల్ల తెలిసింది. ఈనాటికీ ఆస్పత్రులవాళ్లు "మా స్టాఫ్ అంతా నమ్మకస్తులే మేడమ్" అంటుంటారు. అంత నమ్మకస్తులైతే, ఎవరేం చూశారో రాసిపెట్టడానికి భయమెందుకని అడుగుతాను.